హేమచంద్రిక గొంతు

ఇస్తాంబుల్‌లో ఒక హోటల్ లిఫ్ట్ ఎక్కినప్పుడు ఆ మనిషి నిక్షేపంలా ఉన్నాడు. కిందికొచ్చి తలుపు తెరుచుకునేసరికి శవమై ఉన్నాడు. చొక్కా జేబు పైన సూది మొనంత మచ్చ తప్ప ఒంటిమీద గాయం లేదు. పోయినవాడు ఎగుమతుల వ్యాపారి అని అక్కడి పేపర్లు రాసి చేతులు దులుపుకున్నాయి. అసలు సంగతి మన గూఢచారి శాఖలో నలుగురికే తెలుసు. 'కోకిల' అనే డబుల్ ఏజెంటుకు అతనే హ్యాండ్లర్. ఆమెతో ఎదురుగా కూర్చుని మాట్లాడిన మనిషి శాఖ మొత్తంలో అతనొక్కడే.

ఆ చావు జరిగి రెండు వారాలు కాకముందే వరంగల్‌లో ఓ పురుగుమందుల దుకాణం పైగదిలో ఏజెంట్ నిఖత్ కూర్చుని ఉంది. కింద రైతులు మిరప తెగులు మందు బేరమాడుతున్నారు. ఆ ఘాటు మెట్లెక్కి పైకొస్తోంది. సేఫ్‌హౌస్‌కు ఇంతకన్నా మంచి చోటు దేశంలోనే లేదని చీఫ్ వెంకట్రాజం నమ్మకం. కాసేపు కూర్చుంటే తల పగిలిపోయే గదిలోకి పనిలేనివాడెవడూ రాడు కదా.

"హెడ్‌ఫోన్స్ పెట్టుకో," అన్నాడు చీఫ్. "నిన్న ఇంటర్‌సెప్ట్ చేసిన కాల్. మంచిగ విను."

నిఖత్ పెట్టుకుంది. గరగరమని చప్పుడు, ఆ వెనుక ఒక ఆడగొంతు.

"హరికృష్ణ గారూ, ఈ లోకంలో నాకు మీరు తప్ప ఎవరున్నారు? వీళ్ళు నన్ను ప్రాణాలతో వదలరు. ఆ టోకెన్ ఒక్కటి తెచ్చివ్వండి, నన్ను విడిచిపెడతామంటున్నారు. రేపు సాయంత్రం కాజీపేట స్టేషన్‌లో మీకోసం ఎదురుచూస్తుంటాను."

నిఖత్ రికార్డింగ్ వెనక్కి తిప్పి మళ్ళీ వింది. పదకొండేళ్ళ సర్వీసు, భుజంలో ఒక బుల్లెట్ మచ్చ, శాఖలో గట్టిపిండమనే పేరు, అన్నీ ఉన్న మనిషి. అలాంటిది హెడ్‌ఫోన్స్ రెండు చేతులతో చెవులకు అదుముకుంది. ఎందుకంటే ఆ గొంతు వాళ్ళమ్మది. షహనాజ్ బేగం చనిపోయి ఐదేళ్ళయింది.

"గుర్తుపట్టినవా?" అన్నాడు చీఫ్.

"పట్టిన సార్."

"పట్టకేం! ఆ గొంతు కోసం మేం కాలేజీలు ఎగ్గొట్టి టికెట్లకు లైన్ల నిలబడ్డోళ్ళం. హేమచంద్రిక! తాష్కెంట్ నుంచి వచ్చి, మూడు నెలల్ల తెలుగు నేర్చుకుని, సొంత గొంతుతోని డైలాగులు చెప్పిన హీరోయిన్." చీఫ్ మొహంలో ఒక్క క్షణం పాత అభిమాని తొంగిచూసి వెళ్ళిపోయాడు. "మన కోకిల ఆమెనే."

తర్వాత బ్రీఫింగ్ చకచకా సాగింది. సినిమాలు మానేశాక హేమచంద్రిక యూరప్‌లో ఒక వ్యాపారిని పెళ్ళాడింది. ఆ వ్యాపారి 'బ్లాక్ లాంటర్న్' అనే విదేశీ గూఢచారి ముఠా మనిషి. ఆమె వాళ్ళ దగ్గరే ఉంటూ వాళ్ళ రహస్యాలు మనకు చేరవేసింది. ఇప్పుడు హ్యాండ్లర్ చచ్చాడు, ఆమె జాడ లేదు. వరంగల్ వైపు వచ్చిందని మాత్రం ఒక ట్రేస్ దొరికింది. డాక్టర్ హరికృష్ణ హైదరాబాద్‌లో డిఫెన్స్ సైంటిస్టు, చదువుకునే రోజుల్లో ఆమె అభిమాన సంఘానికి ప్రెసిడెంటు. భార్య పోయి ఒంటరిగా ఉంటున్నాడు. నెల రోజులుగా ఈ గొంతు అతనితో రోజూ మాట్లాడుతోంది. పొద్దున అతను మనవాళ్ళ కన్నుగప్పి ఇంట్లోంచి మాయమయ్యాడు. సంచిలో అగ్గిపెట్టెంత క్రిప్టో టోకెన్, రాడార్ల సంకేతాలకు తాళంచెవి. అది పరాయి చేతిలో పడితే తూర్పు తీరం రాడార్లన్నీ గుడ్డివవుతాయి.

"ల్యాబ్ రిపోర్టొచ్చింది. ఆమె సినిమాల వాయిస్‌తోని ఈ కాల్ పక్కాగ మ్యాచ్ అయింది. కోకిల మనకు చెయ్యిచ్చింది నిఖత్. ఇవ్వాళ సాయంత్రం స్టేషన్ల ఆమె మొహం కనపడంగనే మజర్ కాలుస్తడు. ఢిల్లీ ఆర్డర్."

నిఖత్ హెడ్‌ఫోన్స్ తీసి టేబుల్ మీద పెట్టింది. "సార్, అది ఆమె గొంతు కాదు. సినిమాల్ల సుత ఆమెది కాదు. ఆ గొంతు మా అమ్మీది."

"మీ అమ్మదా?" అన్నాడు చీఫ్.

"మా అమ్మీ డబ్బింగ్ చెప్పింది సార్, ఆమె సినిమాలన్నిటికి. సొంత గొంతని పోస్టర్ల మీద ఏసుకుంటందుకు నిర్మాత అమ్మీ పేరు టైటిల్స్‌ల పెట్టనియ్యలే. ఎవరికీ చెప్పనని ఖురాన్ మీద ఒట్టు పెట్టించుకున్నడు. ఈ కాల్స్ చేసేటోళ్ళు సినిమాల నుంచి గొంతు తీసి క్లోన్ చేసిన్రు."

చీఫ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. "ఆ నిర్మాత ఉన్నడా?"

"పోయిండు."

"మీ అమ్మ గొంతు రికార్డు ఏదన్న ఇంట్ల ఉన్నదా, పోల్చి చూద్దాం?"

లేదు. ఆఖరి ఏడాది షహనాజ్ గొంతుకు ఆపరేషన్ అయింది. మాట పూర్తిగా పోయింది. అంతకుముందు రికార్డు చేసుకోవాలని ఇంట్లో ఎవరికీ తోచలేదు. అమ్మ మాట ఎక్కడికి పోతుందిలే అనుకున్నారు.

"బిడ్డా," అన్నాడు చీఫ్, ఈసారి మెత్తగా. "నా తల్లి పోయినంక నాకు సుత సంతల కూరగాయలమ్మే ముసలామె గొంతు అమ్మ గొంతు లెక్కనే వినబడేది. ఇంటికి పో. జర పండుకో. సాయంత్రం పని మజర్ చూసుకుంటడు."

నిఖత్ మెట్లు దిగింది. కానీ ఇంటికి పోలేదు. ఆమె బుర్ర ఒకే లెక్క వేస్తోంది. హేమచంద్రిక ద్రోహి కాకపోతే, ముఠా వెంటపడుతుంటే, హ్యాండ్లర్ చచ్చిపోతే ఎక్కడికి పోతుంది? ఈ దేశంలో ఆమెకున్న స్నేహితురాలు ఒక్కతే. ఆ స్నేహితురాలి పుట్టిల్లు కాజీపేట.

నిఖత్ మేనమామ గౌస్ పాషా రైల్వేలో గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యాడు. తలుపు తెరిచినవాడు లోపలికి రానివ్వకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. మేనకోడలిని చూసి ఆ మనిషి అలా నిలబడడం నిఖత్ ఎన్నడూ ఎరగదు.

"ఏం బిడ్డా, చెప్పకుంట వచ్చినవ్?"

"ఇంట్ల ఎవరున్నరు మామూ?"

"ఎవరుంటరు? నేనే. ఇంకెవరుంటరు?"

"మరి వంటింట్ల కుక్కర్ కూతెందుకు పెడతాంది? నీకు స్టవ్ ఎలిగించుడు సుత రాదాయె."

గౌస్ పాషా గడ్డం గోక్కున్నాడు. "షహనాజ్ దోస్త్ వచ్చింది నిక్కీ. వారం కింద. అక్క పోయిన ముచ్చట ఆమెకు తెల్వదు. చెప్తే గీ గడపల్నే కూలవడ్డది. కబరస్తాన్‌కు తీస్కపోతే మట్టి పట్టుకుని ఒక్కతీర్గ ఏడ్సింది. ఎవరికీ చెప్పకుమన్నది. ఇంటికొచ్చిన మేమాన్‌ను ఎల్లగొడ్తమా?"

అంతలో దేశమంతా వెతుకుతున్న డబుల్ ఏజెంటు చేతిలో గరిటెతో బయటికొచ్చింది. నెరిసిన జుట్టు, మామూ తువ్వాల భుజాన. అయినా ఆ మొహం ఆ మొహమే. ఒకప్పుడు చౌరస్తాలో కటౌట్ పెడితే బస్సులు నెమ్మదించి పోయేవి.

"నిఖత్?" అందామె. "షహనాజ్ బిడ్డ? నువ్వు గింత ఉండె. డబ్బింగ్ థియేటర్ల కుర్చీ కింద పండుకుంటుండె. నేను నీకు బిస్కెట్ ఇచ్చింది."

అదీ హేమచంద్రిక సొంత గొంతు. బొంగురు, పరాయి యాస, మూలలు విరిగిన వరంగల్ తెలుగు. ఇచ్చాను, ఇచ్చింది అన్న తేడా దానికి పట్టదు. తెర మీద వెన్నెల కురిసినట్టు మాట్లాడిన మనిషి ఈమేనా అని ఎవరైనా ముక్కున వేలేసుకుంటారు. తెలుగు నేర్పింది షహనాజ్ కాబట్టి షహనాజ్ ఇంటి భాషే వచ్చింది.

నిఖత్‌కు ఆమె మీద ఎప్పుడూ కోపమే. అమ్మ గొంతు కాజేసిన మనిషి అని చిన్నప్పటినుంచీ మంట. కానీ ఆ రోజు ఆ వంటింట్లో నిలబడి ఆమె చెప్పింది విన్నాక ఆ మంట ఎటు పోయిందో తెలియలేదు.

ఆమె అసలు పేరు దిల్‌నోజా. తండ్రి తాష్కెంట్‌లో ట్రాలీబస్ నడిపేవాడు. వాళ్ళ దేశం ముక్కలైనప్పుడు జీతాలు ఆగిపోతే డాన్స్ ట్రూప్‌లో చేరి, పంతొమ్మిదేళ్ళ వయసులో హైదరాబాద్ వచ్చింది. ట్రూప్ తిరిగిపోయింది, ఈమెను ఒక నిర్మాత ఆపేశాడు. పేరు మార్చాడు. పాస్‌పోర్టు తన బీరువాలో పెట్టి తాళమేశాడు. భాష రాదు కాబట్టి కెమెరా ముందు తన భాషలో అంకెలు లెక్కపెట్టేది. ప్రియుడు చచ్చిపోయే సీన్లో ఒకటి నుంచి ఇరవై దాకా గుండెలు పగిలేలా ఏడుస్తూ లెక్కపెట్టింది. ఆ పెదాల మీద మాటలు అతికించే పని షహనాజ్‌ది. పొద్దున్నే కాజీపేటలో బండెక్కి, చంటిబిడ్డను చంకనేసుకుని పోయి, చీకటి గదిలో ఆ పెదాల వంక చూస్తూ ఆమె బదులు ఏడ్చి, నవ్వి, ప్రేమించి తిరిగొచ్చేది.

"ఒకసారి హనుమకొండ ఫంక్షన్ల మైక్ ఇచ్చిన్రు," అంది దిల్‌నోజా. "నేను సంబురంగ రెండు ముచ్చట్లు చెప్పింది. జనం నవ్విన్రు. మస్తు నవ్విన్రు. నిర్మాత మైక్ గుంజుకున్నడు. మేడమ్‌కు గొంతు నొప్పి అని చెప్పిండు. ఆ దినం సంది పది మందిల నేను నోరు తెరవలే. పేరు వాళ్ళది, గొంతు షహనాజ్‌ది. నాది మొహం ఒక్కటే. దానికి సుత మేకప్."

వయసు మీరాక వేషాలు పోయాయి. పెళ్ళాడినవాడు దొంగ అని తేలేసరికి ఆలస్యమైంది. వాడు పార్టీల్లో సైంటిస్టుల పక్కన కూర్చోబెట్టి నవ్వమనేవాడు. ఒకరోజు మార్కెట్‌కని బయల్దేరి మన ఎంబసీ మెట్లెక్కింది. ఎందుకెక్కావని హ్యాండ్లర్ అడిగితే, ఆ దేశంలో నాకు ఒక దోస్త్ ఉందని చెప్పిందట.

"వాళ్ళకు నా సంగతి తెలిసింది," అంది. "ఇస్తాంబుల్‌ల ఇస్తాంబుల్‌ల నా మనిషిని చంపిన్రు. నేను పారిపోయి షహనాజ్ దగ్గరకు వచ్చింది. షహనాజ్ లేదు."

నిఖత్‌కు మొత్తం అర్థమైంది. ముఠా ఒక్క దెబ్బకు రెండు పిట్టలు కొడుతోంది. ఆ గొంతుతో సైంటిస్టును వలలో వేస్తోంది, అదే గొంతుతో దిల్‌నోజాను ద్రోహిగా చూపించి మనవాళ్ళ చేతే చంపిస్తోంది. ఇంత తెలివిగలవాళ్ళూ ఒక్కచోట బోల్తాపడ్డారు. అది దిల్‌నోజా గొంతు కాదని ఆమె మొగుడికి తెలుసు. మరి ఎవరిది అని మాత్రం ఎవడూ అడగలేదు. డబ్బింగ్ చెప్పిన మనిషికి ఇల్లూ వాకిలీ ఉంటాయని, కడుపున ఒక కూతురు పుట్టి ఉంటుందని ఎవడికి తోస్తుంది?

ఫోన్ తీసి చీఫ్‌కు కలిపింది. "సార్, హేమచంద్రిక నా ముందర ఉన్నది."

"ఏదీ, మాట్లాడుమను."

దిల్‌నోజా ఫోన్ అందుకుంది. "సార్, నేను హేమచంద్రిక. నేను దొంగ కాదు సార్. నా అల్లా కసమ్."

ఫోన్ నిఖత్ చేతికి తిరిగొచ్చింది. చీఫ్ గొంతు మండిపోతోంది. "ఎవరిని పట్టుకొచ్చినవ్ నువ్వు? హేమచంద్రిక గొంతు నాకు తెల్వదా? నిద్రల లేపి అడిగినా చెప్తా. నీ ముందరున్నది దొంగ. ఆమెను అక్కన్నే ఉంచు. స్టేషన్ దిక్కు వచ్చిందంటే మజర్ మొహం చూసి కాలుస్తడు. ఎవరు అసలు, ఎవరు నకలు అని అడగడు."

లైన్ కట్ అయింది. దిల్‌నోజా ఏడవలేదు, నవ్వింది. "చూసినవా? నేను నేను అని నేను చెప్తే ఎవరు నమ్మరు."

"నువ్వు ఇక్కన్నే ఉండు ఆంటీ. నేను పోత."

"నువ్వు పోయి ఏం చేస్తవ్? అక్కడ నా లెక్క ఒక ఆడది ఉంటది. షహనాజ్ గొంతుతోని మాట్లాడుతది. ఆ పని నేను పదేళ్ళు చేసింది. దొంగను దొంగనే పట్టాలె." తువ్వాల తీసి కుర్చీ మీద వేసింది. "కాల్చితే కాల్చనీ. గమ్మున ఉండి ఉండి నేను ఎప్పుడో చచ్చిపోయింది."

పోయిన తన భార్య పాత బుర్ఖాలు రెండు గౌస్ పాషా పెట్టెలోంచి తీశాడు. అటూ ఇటూ చూసి, "జర పైలం బిడ్డా," అని మాత్రం అన్నాడు.

కాజీపేట స్టేషన్ ఎండలో ఉడుకుతోంది. ఢిల్లీ వైపు పోయే బండి రావడానికి సిద్ధంగా ఉందని మైకు అరుస్తోంది. నిఖత్ కళ్ళు ప్లాట్‌ఫామ్ అంతా గాలించాయి. పార్సిల్ ట్రాలీ పక్కన ఎర్రచొక్కా కూలీ బీడీ కాలుస్తున్నాడు. వాడే మజర్. చెవిలో ఇయర్‌పీస్, ట్రాలీ గోనెల కింద సైలెన్సర్ బిగించిన పిస్టల్. బుర్ఖా కింద నిఖత్ చెవిలోనూ శాఖ ఇయర్‌పీస్ ఉంది, కోడ్ ఆమెకు తెలుసు. 'పార్సిల్ వచ్చింది' అంటే మొహం కనపడ్డట్టు. 'పార్సిల్ దించు' అంటే కాల్చమని.

నీళ్ళ నల్లా పక్క బెంచీ మీద డాక్టర్ హరికృష్ణ కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, జుట్టుకు కొత్తగా రంగు. ఒళ్ళో తోలు సంచి. యాభై దాటిన మనిషి పెళ్ళిచూపులకొచ్చినట్టు కూర్చున్నాడు. నిఖత్‌కు కోపం రావలసింది, జాలేసింది. ఆ గొంతు వెంట పోవాలనిపించడం ఎలా ఉంటుందో పొద్దుటినుంచి ఆమెకూ తెలుస్తోంది.

పొగమంచు రంగు చీర కట్టిన ఒకామె అతని పక్కన వచ్చి కూర్చుంది. నల్ల కళ్ళద్దాలు, మొహానికి మాస్క్, మెడ చుట్టూ స్కార్ఫ్.

"వచ్చారా హరికృష్ణ గారూ," అంది షహనాజ్ గొంతు.

నిఖత్ గోడ పట్టుకుంది. హెడ్‌ఫోన్స్‌లో విన్నది ఒక ఎత్తు. పట్టపగలు పది అడుగుల దూరంలో, జనం మధ్య, అమ్మ గాలి పీల్చి మాట్లాడుతున్నట్టు వినడం ఇంకో ఎత్తు.

"చూడు," అని దిల్‌నోజా ఆమె చెవిలో గుసగుసలాడింది. "ముందు గొంతు వస్తాంది, తర్వాత మాస్క్ కదులుతాంది. జర లేటు. గొంతు మెడ కాడి నుంచి వస్తాంది, నోట్ల నుంచి కాదు. ఎవడో దూరంగ కూసోని మాట్లాడిపిస్తాండు. ఈమె ఉత్తగ పెదవులు ఆడిస్తాంది. నా లెక్క."

హరికృష్ణ చేయి సంచిలోకి వెళ్ళింది. బండి కూత వినబడింది.

నిఖత్ ఆపేలోపే దిల్‌నోజా ముసుగు వెనక్కి తీసి పరుగెత్తింది. "హరికృష్ణ గారు! ఇవ్వకు! నేను హేమచంద్రిక!"

అతను తలెత్తి ఆ మొహం చూశాడు. కళ్ళు పెద్దవయ్యాయి. మాట విన్నాక మళ్ళీ చిన్నవయ్యాయి. "వేషం బాగానే కట్టావమ్మా. గొంతే దొరకలేదు, పాపం."

నిఖత్ ఇయర్‌పీస్ గరగరమంది. "పార్సిల్ వచ్చింది," అన్నాడు మజర్.

"దించు," అంది చీఫ్ గొంతు.

నిఖత్ వెళ్ళి దిల్‌నోజా వీపుకు అడ్డంగా నిలబడి తన ముసుగు తీసింది. "మజర్! కాల్చాలంటే ముందుగాల నన్ను కాల్చు!"

"అక్కా, పక్కకు జరుగు. ఆర్డర్ అక్కా."

"జరగ."

మజర్ గోనె కిందినుంచి చేయి తీయలేదు. హరికృష్ణ టోకెన్ బయటికి తీసి పొగమంచు చీర చేతిలో పెట్టాడు. సరిగ్గా అప్పుడే దిల్‌నోజా వంగి ఆ ఆడమనిషి మాస్క్ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

ఎర్ర లిప్‌స్టిక్ వేసిన నోరు గట్టిగా మూసుకుని ఉంది. మాట మాత్రం ఆగలేదు.

"దయచేసి నన్ను నమ్మండి హరికృష్ణ గారూ, మీరు తప్ప నాకు దిక్కెవరు..."

చాయ్ అమ్మేవాడు కేక ఆపేశాడు. పక్క బెంచీలో పసిపిల్ల తల్లి, "యా అల్లా," అని పిల్లను గుండెకదుముకుంది. హరికృష్ణ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ మూసిన నోటి వంకే చూస్తూ బెంచీ మీంచి జారి కింద కూర్చుండిపోయాడు.

ఆ ఆడమనిషి టోకెన్ పిడికిట్లో బిగించి, వస్తున్న బండి వైపు ఉరికింది. నిఖత్ ఆమె మెడ స్కార్ఫ్ అందుకుంది. స్కార్ఫ్ ఊడొచ్చింది. మజర్ పార్సిల్ ట్రాలీని తన్నాడు. అది పోయి ఆమె మోకాళ్ళకు తగిలింది. ప్లాట్‌ఫామ్ అంచున బోర్లా పడింది. టోకెన్ జారి దొర్లుతూ పట్టాల వైపు పోతుంటే మజర్ బూటుతో అదిమిపట్టాడు. ఇంజన్ గాలి వాడి చొక్కాను ఊపుకుంటూ పోయింది. వాడు టోకెన్ జేబులో వేసుకుని ఆ ఆడమనిషి చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నాడు.

నిఖత్ చేతిలో మిగిలిన స్కార్ఫ్ లోపల సన్నటి కాలర్ ఉంది. రూపాయి బిళ్ళంత స్పీకర్, గోధుమగింజంత మైకు.

"నిఖత్!" చీఫ్ మారిపోయిన గొంతుతో అరిచాడు. మూసిన నోరు మాట్లాడడం మజర్ బటన్ కెమెరాలో అతనూ చూశాడు. "ఆ లైన్ బంద్ కానియ్యకు! సిగ్నల్ మడికొండ దిక్కు నుంచి వస్తాంది. బిల్డింగ్ తెల్వాలె. ఇంకో ముగ్గురు సైంటిస్టులకు ఇదే గొంతుతోని కాల్స్ పోతానయట. వాడు పారిపోతే అంతా మల్ల మొదటికే వస్తది. మాట్లాడిపి!"

నిఖత్ కాలర్‌ను నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"ఎవరు నువ్వు?" అంది అమ్మ గొంతు.

నిఖత్‌కు అడిగింది ఎవడో పరాయివాడని తెలుసు. మడికొండలో ఏసీ గదిలో కూర్చుని టైపు చేస్తున్నాడని తెలుసు. తెలిసినా గుండె విననే వినదు కదా.

"షహనాజ్ బేగం బిడ్డను," అంది.

"షహనాజ్ బేగం ఎవరు?" అని అడిగింది షహనాజ్ బేగం గొంతు.

"నువ్వే."

అవతలి వాడు తెలివైనవాడు. ఆ ఒక్క మాటతో అల్లుకుపోయాడు.

"తల్లీ," అంది గొంతు, పాలమీగడలా. "ఎంత పెద్దదానివయ్యావు! నీ కోసమే వెతుకుతున్నాను. నీ పేరేమిటి తల్లీ?"

"నిక్కీ అనేదానివి."

"నిక్కీ."

సరిగ్గా అలాగే అంది. చివర కొంచెం సాగదీసి, చీకటి గదిలో కుర్చీ కింద పడుకున్న పిల్లను పనయ్యాక లేపినట్టే అంది. నిఖత్ కళ్ళు మూసుకుంది. ఇంకొక్కసారి అనమని అడగాలనిపించింది. సిగ్గు లేకుండా అడిగింది కూడా.

"నిక్కీ. నిక్కీ. నీకు ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు పిలుస్తాను. రోజూ మాట్లాడుకుందాం. ఆ టోకెన్ తీసుకుని బండి ఎక్కు తల్లీ. నీకేం భయం లేదు. నేనున్నాను కదా."

"బిల్డింగ్ దొరికింది," అన్నాడు చీఫ్ చెవిలో. "మనోళ్ళు మెట్లెక్కుతాన్రు. జర సేపు. జరంత సేపే బిడ్డా."

"తిన్నవా అని అడుగు," అంది నిఖత్ కాలర్‌తో. చెంపలు తడిసిపోతున్నాయి, గొంతు మాత్రం నిలకడగా పెట్టుకుంది.

"అన్నం తిన్నావా తల్లీ? ఆకలిగా ఉందా?"

"మా అమ్మీ గట్ల అనదు. తిన్నవానే గాడ్ది అంటది. ఇంటికొస్తే సినిమా మాటలు బంద్ ఉంటుండె మా ఇంట్ల."

"తిన్నవానే..." అని మొదలుపెట్టి గొంతు ఆగింది. ఎక్కడో తలుపు పగిలిన చప్పుడు సన్నగా వినిపించింది. వాడు చెరిపేసే మీట కోసం తడుముకుంటున్నాడో, ఆఖరి పాచిక వేస్తున్నాడో, మాట గబగబా వచ్చింది. "నిక్కీ! వీళ్ళను ఆపు! వీళ్ళు నన్ను చంపేస్తున్నారు! మీ అమ్మను చంపేస్తున్నారు నిక్కీ, ఒక్క మాట చెప్పు, ఒక్క..."

నిఖత్ నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. పళ్ళు పెదవిలో దిగాయి. ఒక్క మాట కూడా చెప్పలేదు.

కాలర్ మూగబోయింది.

"దొరికిండు," అన్నాడు చీఫ్. "డిలీట్ బటన్ మీద వేలు పెట్టి ఉండంగ పట్టుకున్నరు."

బండి కదిలి వెళ్ళిపోయింది. ప్లాట్‌ఫామ్ మళ్ళీ మామూలు చప్పుళ్ళలో పడింది. దిల్‌నోజా వచ్చి పక్కన కూర్చుని నిఖత్ తల ఒళ్ళోకి లాక్కుంది. ఇద్దరూ ఏడ్చారు. అడ్డం చెప్పేవాళ్ళెవరూ లేరు.

మర్నాడు పురుగుమందుల దుకాణం పైన చీఫ్ చాలా సేపు నీళ్ళు నమిలాడు. దిల్‌నోజా ముందు చేతులు జోడించాడు. ఆమెకు పౌరసత్వం కాగితాలు నెలలోపు ఇప్పిస్తానని మాటిచ్చాడు. ఆమె దిగి వెళ్ళాక తలుపు వేసి నిఖత్ వైపు తిరిగాడు.

"ఆ గొంతు సాఫ్ట్‌వేర్ మొత్తం మన దగ్గరున్నది. కేసుకు ఒక కాపీ సరిపోతది." గొంతు తగ్గించాడు. "ఇంకో కాపీ నీకు కావాల్నంటే... నేను చూడనట్టు ఊకుంట. ఏం అడిగితే అది మాట్లాడుతది. మీ అమ్మ మాట్లాడినట్టే ఉంటది."

నిఖత్ కిటికీలోంచి కింది బజారు చూసింది. అబద్ధమెందుకు, కావాలనే అనిపించింది. తీసుకుంటే ఇక ఏ పనీ చేయకుండా తలుపేసుకుని దానితోనే కూర్చుంటుందని కూడా తెలిసింది.

"వద్దు సార్," అంది చివరికి. "ఆఖరి ఏడాది మా అమ్మీకి మాట లేకుండె. అయినా నేను ఇంటికి పోతే చేత్తోని నోటికి సైగ చేసి తిన్నవా అని అడిగేది. ఆ డబ్బాల గొంతు పూరా మా అమ్మీదే సార్, కాదంటలేను. కని అది నన్ను ఎవరు నువ్వని అడిగింది."

చీఫ్ కళ్ళజోడు తుడుచుకునే పనిలో పడ్డాడు.

కింద దిల్‌నోజా అప్పటికే ఒక ఆటో ఆపి, బజారంతా వినబడేలా బేరమాడుతోంది. కాజీపేటకు నువ్వడిగింది ఎక్కువ, నేను గీ ఊరిదే, నాకు తెల్వదా అని దబాయిస్తోంది. పక్క దుకాణం వాళ్ళు నవ్వుతున్నారు. ఆమె వాళ్ళ వంక చూసి గొంతు ఇంకాస్త పెంచింది. నిఖత్ వచ్చి పక్కన కూర్చుంది. ఆటోవాలా ఓడిపోయి బండి కదిలించాడు. చౌరస్తా దాటేదాకా అద్దంలో వెనక్కి చూస్తూనే ఉన్నాడు. ఇక ఉండబట్టలేక అడిగేశాడు.

"ఏమనుకోకు మేడమ్. నువ్వు అచ్చం మా కాలం హీరోయిన్ హేమచంద్రిక లెక్కనే ఉన్నవ్. గొంతొక్కటే కలుస్తలేదు."